పోర్చుగీసు వార్తల ఛానెల్ ఆఖరి శనివారం

హైదరాబాద్‌లో నేను వార్తలు చదివిన ఛానెల్ ఒక మధ్యాహ్నం నేను చదువుతూ ఉండగానే ఆగిపోయింది. వాక్యం సగంలో ఉంది. జీతాల గొడవ ముదిరి ఎవరు ఏ స్విచ్ కట్టేశారో ఈ రోజుకీ తెలీదు. చూసేవాళ్ళకి నీలం తెర, మాకు ఇంటి దారి. ఆ తర్వాత పెళ్ళయి న్యూజెర్సీ వచ్చి, ఎడిసన్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటున్నాను. అందుకే పక్క సీటు లీనా "మా నాన్న పనిచేసే పోర్చుగీసు వార్తల ఛానెల్‌ని ఈ శనివారం మూసేస్తున్నారు, చివరి బులెటిన్ చూడ్డానికి వస్తావా?" అనగానే, ఎంత దూరమో కూడా అడక్కుండా వస్తానన్నాను. ముందే చెప్పి మరీ మూతబడే ఛానెల్ ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనిపించింది.

ఊరు ఫాల్ రివర్, మసాచుసెట్స్‌లో. వెళ్ళదలుచుకున్న వాళ్ళకి దారి చెబుతాను. ఐసెలిన్‌లో మెట్రోపార్క్ స్టేషన్ నుంచి బోస్టన్ వైపు పోయే పొద్దుటి రైలెక్కితే పదకొండు దాటాక ప్రావిడెన్స్‌లో దిగుతారు. అక్కడి నుంచి బస్సు అరగంటకి కాస్త పైన. బస్సు సమయాలు ముందు రోజే చూసుకోండి, శనాదివారాలు బాగా తక్కువ.

మా ఆయన ప్రసాద్ ఇంకా పూర్తిగా తెల్లారకుండానే స్టేషన్‌లో డ్రాప్ చేశాడు. "ఛానెల్ మూతపడటం చూడ్డానికి టికెట్ కొనుక్కుని మరీ వెళ్ళేది అమెరికా మొత్తంలో నువ్వొక్కదానివే సుధా. రేపు చర్చిలో వాక్యం చదవాల్సింది నువ్వేనని గుర్తుందా? పాస్టర్ గారు రాత్రి మళ్ళీ మెసేజ్ పెట్టారు" అన్నాడు. భీమవరంలో సండే స్కూల్ నుంచి ఇప్పటిదాకా ఏ చర్చిలో చేరినా చదివే పని నాకే అంటగడతారు. గుర్తుందని చెప్పి, ఇడ్లీల డబ్బా తీసుకుని రైలెక్కాను.

నా పక్క సీట్లో లాప్‌టాప్ బ్యాగుతో ఉన్న అబ్బాయి నన్ను రెండుసార్లు తేరిపార చూసి, "అక్కా, ఏమనుకోకున్రి, మీరు టీవీల వార్తలు చదివేటోళ్ళు కదా?" అన్నాడు. కరీంనగర్ వాళ్ళట, శనివారమైనా క్లయింట్ మీటింగ్ ఉందని న్యూయార్క్ పోతున్నాడు. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోను.

"మా అమ్మ రోజూ మిమ్మల్నే చూస్తుండె. ఛానెల్ బందయినంక మస్తు దినాలు అడిగింది, గా పిల్ల యేడ వొయింది, చెప్పకుండనే వొయింది అని."

ఆ "చెప్పకుండనే" అన్న మాట నాకు చురుక్కుమంది. నేను చెప్పకుండా పోలేదు తమ్ముడూ, చెప్పనివ్వలేదు అన్నాను. అతనికి అర్థమైందో లేదో, మీటింగ్ స్లైడ్లు ఓపెన్ చేసుకున్నాడు.

నూవార్క్‌లో లీనా ఎక్కింది. ముప్పై అయిదు దాటిన మనిషి, గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం అవతలి వరసలో కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. న్యూయార్క్‌లో ఆ అబ్బాయి దిగిపోయాక, నా పక్కకి వచ్చి, నా ఇడ్లీ ఒకటి కారప్పొడిలో అద్దుకుని తింటూ అసలు సంగతి చెప్పింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నేను వెళ్ళేది చివరి బులెటిన్ కోసం కాదు. మా అమ్మ గొంతు కోసం."

వాళ్ళమ్మ ఇల్దా ఆ ఛానెల్‌లో మొదటి న్యూస్ రీడర్. వాళ్ళ నాన్న మాన్యువెల్ అదే ఛానెల్‌లో కెమెరా, సౌండ్, వైర్లు అన్నీ. లీనాకి నాలుగేళ్ళప్పుడు, ఒక సాయంత్రం వార్తలు చదివి ఇంటికొచ్చిన ఇల్దాకి మెదడులో నరం చిట్లింది. తెల్లారేలోపు పోయింది. ఇంట్లో ఫోటోలున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు. ఆమె చివరి బులెటిన్ క్యాసెట్ మాత్రం స్టూడియో అల్మారాలో ఉంది, డబ్బా మీద తారీఖు వాళ్ళమ్మే రాసింది. అది ఇంట్లో వీసీఆర్‌లో ఆడే రకం కాదు, స్టూడియో మెషీన్‌లో పెట్టాల్సిన పెద్ద రకం. ఆ మెషీన్ చెడిపోయిందని వాళ్ళ నాన్న చిన్నప్పటి నుంచీ చెబుతున్నాడు.

"సోమవారం పాత సామాన్ల వాళ్ళు వచ్చి మెషీన్ పట్టుకుపోతారు. నాకు అమ్మ గొంతు గుర్తు లేదు సుధా. ఉందనుకుంటాను, కానీ అది నేను కల్పించుకున్నదేమో తెలీదు" అంది.

నేను పెద్ద తోపులాగా, "అలాంటి మెషీన్లు మా ఛానెల్‌లో వాడాం, నేను చూస్తాలే" అని మాటిచ్చాను. ఆ మాట ఇవ్వకపోతే బాగుండేదని ఆ రోజు చాలాసార్లు అనుకున్నాను.

కనెక్టికట్ దాటేదాకా కుడి పక్కన సముద్రం వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి కుడివైపు కిటికీ సీటు పట్టండి. ప్రావిడెన్స్‌లో దిగి, కాఫీ తాగి, బస్సెక్కాం. ఊళ్ళోకి పోయే ముందు వెడల్పాటి నది మీద పెద్ద వంతెన వస్తుంది. అవతలి ఒడ్డున రాతితో కట్టిన పాత బట్టల మిల్లులు బారులు తీరి ఉన్నాయి. పోర్చుగల్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు ఈ మిల్లుల కోసమే వచ్చారట. మిల్లులు ఎప్పుడో మూతబడ్డాయి, మనుషులు మిగిలారు.

వార్తల ఛానెల్ అంటే నా మనసులో అద్దాల మేడ, గేటు, సెక్యూరిటీ. లీనా నన్ను ఒక బేకరీ పక్క మెట్ల మీంచి పైకి తీసుకెళ్ళింది. పైన ఒక్క గది. ఒక బల్ల, వెనక గోడకి దీవుల బొమ్మ, ఒక కెమెరా, మూలన మెషీన్ల అర. ఇన్నేళ్ళు ఒక ఊరికి ఊరు చూసిన ఛానెల్ మొత్తం మా ఎడిసన్ అపార్ట్‌మెంట్ హాలంత కూడా లేదు. నేను నోరు తెరిచి నిలబడితే, పొట్టిగా, తెల్లటి మీసాలతో ఉన్న మాన్యువెల్ గారు నవ్వారు. "అందరూ ఇలాగే చూస్తారు. ఇంకో గది ఉందేమోనని తలుపు వెతుకుతారు" అన్నారు.

మధ్యాహ్నం మూడింటికి చివరి బులెటిన్. అప్పటిదాకా టైముంది కాబట్టి బేకరీ నుంచి తెచ్చిన రొట్టె, ఆకుకూర సూప్ పెట్టి, ఆయన ఛానెల్ కథ చెప్పుకొచ్చారు. మొదట్లో మిల్లు నుంచి ఇంటికొచ్చినవాళ్ళకి ఇంగ్లీషు వార్తలు అర్థమయ్యేవి కావు. కేబుల్ వాళ్ళ దగ్గర వారానికి ఒక అరగంట అడిగి తీసుకున్నారు. తర్వాత రోజూ అరగంట. తర్వాత లిస్బన్ నుంచి వచ్చే వార్తలు కూడా కలిపి రోజంతా ఛానెల్ అయింది. ఇప్పుడు పిల్లలకి భాష రాదు, పెద్దవాళ్ళకి ఫోన్లొచ్చాయి, కేబుల్ వాళ్ళు ఇంక చోటు ఇవ్వలేమన్నారు.

"లిస్బన్‌లో ప్రభుత్వం పడిపోయినా మావాళ్ళు సూప్ తాగుతూనే ఉండేవాళ్ళు. చివర్లో చావు కబుర్లు వచ్చేటప్పుడు మాత్రం చెంచాలు ఆగేవి" అన్నారు.

ఆ ఛానెల్ ఆనవాయితీ అదట. ప్రతి బులెటిన్ చివర ఆ రోజు ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఎవరు, ఏ దీవి వాళ్ళు, పూజ ఏ చర్చిలో, ఎన్నింటికి. అది విని జనం వెళ్తారు. ఛానెల్‌లో పేరు చదవకపోతే శవపేటిక వెనక నలుగురు కూడా ఉండరు.

నేను అల్మారా వైపు నడిచాను. డబ్బాలు బోలెడున్నాయి అనుకున్నాను. దగ్గరికెళ్తే చాలా ఖాళీవి. ఉన్న కొన్నింటి మీద కాగితం మీద కాగితం అంటించి, తారీఖు మీద తారీఖు రాసి, అట్టలాగా దళసరి కట్టింది.

"ఇవేంటి సార్, ఇన్నేళ్ళవి ఎక్కడున్నాయి?"

"ఎక్కడా లేవు. క్యాసెట్లు ఖరీదు. ఇవాళ్టి వార్తలు నిన్నటి వార్తల మీద రికార్డు చేసేవాళ్ళం. అన్ని రోజులూ అంతే" అన్నారాయన, మామూలుగా, అంట్లు తోమడం గురించి చెప్పినట్టు.

ఇన్నేళ్ళ ఛానెల్, ఒక్క రోజు కూడా మిగల్లేదు. మా ఛానెల్ వాళ్ళు కనీసం తెలివితక్కువగా అన్నీ దాచారు. లీనా మాత్రం ఇదేమీ వినట్లేదు. పై అరలోంచి ఒక డబ్బా తీసి గుండెకి ఆనించుకుని నిలబడింది. దాని మీద ఒక్కటే కాగితం, గుండ్రటి చేతిరాత.

"నాన్నా, మెషీన్ ఒకసారి చూడనీ. సుధకి తెలుసు."

"చెడిపోయింది లీనా. ఎన్నిసార్లు చెప్పాను."

నేను అప్పటికే మూలకి వెళ్ళి వెనక తీగలు చూస్తున్నాను. ప్లగ్గు ఊడదీసి ఉంది, అంతే. పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. "మెషీన్ బాగానే ఉందండీ!" అని నేను పండగలాగా కేక పెట్టాను. వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాక అర్థమైంది. మెషీన్ బాగానే ఉందని ఆయనకి ఎప్పుడూ తెలుసు.

లీనా క్యాసెట్ లోపలికి తోసింది. తెర మీద గీతలు కదిలి, బొమ్మ నిలబడింది. ఈ బల్లే, ఈ గోడే. బల్ల వెనక ఒక మగ మనిషి, నల్ల టై. ఏవో వార్తలు చదువుతున్నాడు. లీనా వేగంగా ముందుకి తిప్పింది. చివరి దాకా అతనే. చివర్లో అతను కళ్ళజోడు తీసి, ఒక పేరు చదివి, ఆగిపోయాడు. నాకు పోర్చుగీసు రాదు. పేరు మాత్రం అర్థమైంది. ఇల్దా.

లీనా క్యాసెట్ ఆపేసింది. మాన్యువెల్ గారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, కూతురి వైపు కాకుండా మెషీన్ వైపు చూస్తూ చెప్పారు.

"ఆ రోజు నేను రావాల్సి వచ్చింది. నేను రాకపోతే రికార్డింగ్ లేదు, పేరు చదవడం లేదు, మర్నాడు ఆమె శవపేటిక వెనక ఎవరూ రారు. వచ్చాను. రోజూ చేసేదే చేశాను. మెషీన్‌లో నిన్నటి క్యాసెట్ ఉంది. వెనక్కి తిప్పాను. రికార్డు నొక్కాను. అయిపోయాక తెలిసింది."

ఆమె చావు వార్తని, ఆమె చివరిసారి చదివిన వార్తల మీదే, ఆయన తన చేత్తోనే రికార్డు చేశాడు. అలవాటైన చేయి తన పని తను చేసుకుపోయింది. అక్కడ నిలబడి ఉండటానికే నాకు సిగ్గేసింది, పరాయి మనిషిని, ఆ ప్లగ్గు పెట్టిన మనిషిని.

లీనా అరవలేదు. "ఇన్నేళ్ళూ అమ్మ ఈ డబ్బాలో ఉందని చెప్పావు" అని మాత్రం అంది. లీనా మెట్లు దిగిపోయింది, నేను వెనకే పరిగెత్తాను.

బేకరీ ముందు గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, చివరి రోజని స్టూడియోకి తియ్య రొట్టె పట్టుకెళ్తున్న ఒక పెద్దావిడ ఆగింది. పేరు అల్సీరా. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, ఆ వీధిలోనే ఇల్లు. లీనాని పుట్టినప్పటి నుంచీ ఎరుగునట. ఏమైందని అడిగి, విని, "నీకు మీ అమ్మ గొంతు కావాలా? మా ఇంట్లో ఉంది కదే!" అంది.

లీనా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. నేనైతే ఈవిడకి మతి సరిగా ఉందా అనుకున్నాను.

అల్సీరా గారి ఇంట్లో అడుగుపెట్టగానే ఉప్పుచేప వాసన గుప్పుమంది. భీమవరం సంతలో ఎండుచేపల వరస గుర్తొచ్చి, ఆ పరిస్థితిలోనూ నా నోరూరింది. ఆవిడ మంచం కింద నుంచి అట్టపెట్టె లాగింది. నిండా ఇంటి వీసీఆర్ క్యాసెట్లు.

"ఇవన్నీ బ్రెజిల్ సీరియల్. వార్తలవగానే వచ్చేది. నేను రాత్రి షిఫ్టు, అందుకని మెషీన్‌కి టైము పెట్టి పోయేదాన్ని. కొంచెం ముందుగానే పెట్టేదాన్ని."

"సీరియల్ ముందే మొదలవుతుందనా?" అన్నాను.

ఆవిడ ముసిముసిగా నవ్వింది. "కాదమ్మా. మాన్యువెల్ మైకు ఆపడం మర్చిపోతాడని."

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడ టీవీ కింద ఉన్న పాత వీసీఆర్‌లో ఒక క్యాసెట్ పెట్టింది. అది పనిచేస్తుందని చూసి నేను నమ్మలేకపోయాను. తెర మీద ఒకావిడ కనబడింది. పొట్టి జుట్టు, పెద్ద చెవిదుద్దులు, చేతిలో కాగితాలు. ఏదో చదవడం ముగించి, నవ్వి, శుభరాత్రి చెప్పింది. ఆ గొంతు విని నేను తుళ్ళిపడి పక్కకి చూశాను. రోజూ ఆఫీసులో నా పక్క సీట్లోంచి వినపడే గొంతే. లీనా రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

బొమ్మ ఇంకా అలాగే ఉంది. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, కెమెరా పక్కకి, మాన్యువెల్ గారుండే వైపు చూసి, ఇంట్లో మాట్లాడినట్టుగా ఒక మాట అడిగింది.

"లీనా జా కుమేవ్?"

ఆ వెంటనే చిన్న ఖాళీ, తర్వాత సీరియల్ సంగీతం.

"లీనా తిందా, అని" అంది అల్సీరా గారు నాకోసం. "వారంలో రెండు మూడు సార్లయినా మైకు అలా వదిలేసేవాడు. వంటింట్లో వినాల్సిన మాట ఊరంతా వినేది. మిల్లులో మర్నాడు అదే కబురు. ఏమే, లీనా తిందా అని ఒకళ్ళనొకళ్ళం ఆటపట్టించుకునే వాళ్ళం. మేం ఆ మాట కోసమే వార్తలు చూసేవాళ్ళం."

నేను ఏళ్ళ తరబడి నాలుక తిరగని దేశాధ్యక్షుల పేర్లన్నీ తప్పు లేకుండా చదివాను. ఏ ఊళ్ళోనూ ఎవరూ నా కోసం టైము ముందుగా పెట్టి రికార్డు చేసుకుని ఉండరు. ఒక ఛానెల్ మొత్తం తుడిచిపెట్టుకుపోయి, పొరపాటున జారిపోయిన ఒక ఇంటి మాట మాత్రం మంచం కింద మిగిలింది.

ఆవిడ ఇంకో క్యాసెట్, ఇంకో క్యాసెట్ పెట్టింది. కొన్నింట్లో శుభరాత్రి దగ్గరే శబ్దం ఆగిపోయింది. ఒకదాంట్లో మళ్ళీ అదే ప్రశ్న. లీనా అడిగితే నా ఫోన్‌లో రికార్డు చేశాను.

మూడింటికి అల్సీరా గారి టీవీలోనే చివరి బులెటిన్ చూశాం. స్టూడియోకి తిరిగి వెళ్ళనని లీనా తేల్చి చెప్పింది. చదివిన అమ్మాయి చక్కగా చదివింది, చావు కబుర్లు కూడా చదివింది, అందరికీ వందనాలు చెప్పింది. అల్సీరా గారు రిమోట్ పట్టుకుని శబ్దం బాగా పెంచింది. అమ్మాయి మాట ముగిసిన మరుక్షణం శబ్దం తెగిపోయింది. కాసేపటికి నీలం తెర.

"చూశావా" అంది ఆవిడ రిమోట్ కింద పెట్టి. "ఇల్దా పోయాక వాడు మైకు ఆపడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు."

లీనా ఆ నీలం తెరని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ రంగు నాకు బాగా తెలుసు.

బంగాళాదుంపలతో వండిన ఉప్పుచేప తినకుండా ఆవిడ కదలనివ్వలేదు. రెండు క్యాసెట్లు గుడ్డలో చుట్టి లీనా చేతికిచ్చింది. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ పెళ్ళి క్యాసెట్లు కొత్త రకంలోకి మార్చే షాపు ఉంది, అక్కడికి తీసుకెళ్తానని చెప్పాను. అయిదింటి బస్సుకి ప్రావిడెన్స్ చేరి, న్యూజెర్సీ వైపు రైలెక్కాం. వచ్చేటప్పుడు సముద్రం ఎడమవైపు ఉంటుంది.

చూసినదంతా కలిపితే నాకు మిగిలిన అభిప్రాయం ఇది. ఫాల్ రివర్‌లో చూడదగ్గ స్టూడియో లేదు, మ్యూజియం లాంటిదీ లేదు, ఆ గది కూడా సోమవారానికి ఖాళీ. అయినా వెళ్ళండి. ఆ వీధిలో ఏ పెద్దావిడనైనా ఆపి, ఇల్దా వార్తలు చూసేవారా అని అడగండి. నేను చెప్పినదాన్ని మీరు నమ్మడానికి వేరే దారి లేదు.

కనెక్టికట్‌లో న్యూ లండన్ స్టేషన్ దాటాక బయట వెలుగు తగ్గింది. ఒడిలో క్యాసెట్లు పెట్టుకుని కూర్చున్న లీనా, ఉన్నట్టుండి నా ఫోన్ అడిగింది. తన ఫోన్‌లో వాళ్ళ నాన్నకి కలిపి, స్పీకర్ పెట్టింది. ఆయన "లీనా?" అన్నారు. లీనా నా ఫోన్‌ని తన ఫోన్ దగ్గరగా పెట్టి రికార్డింగ్ నొక్కింది.

ఇల్దా గారు శుభరాత్రి చెప్పారు. కాగితాల చప్పుడు. తర్వాత ఆ ప్రశ్న.

సీరియల్ సంగీతం వచ్చేలోపు ఉండే ఆ కాస్త ఖాళీలో అవతలి నుంచి మాన్యువెల్ గారి గొంతు వినిపించింది. ఏడుపు కాదు, పనిలో ఉన్న మనిషి తల తిప్పకుండా చెప్పే జవాబులాగే ఉంది.

"జా కుమేవ్."

నాకెవరూ అనువాదం చేయనక్కర్లేకపోయింది. తినేసింది, అన్నాడాయన.